తూటా నింపడం నేర్చుకోవాలంటే ఏ ప్రెస్సు, ఏ త్రాసు, ఎవరి దగ్గర?

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. పోయిన దసరా నాడు ఫోను చేశాడు. పండుగ కబుర్లన్నీ అయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు. "మామయ్యా, కాల్చిన తూటాల ఖాళీలన్నీ డబ్బాలో దాచిపెట్టాను. వాటిని ఇంట్లోనే మళ్లీ నింపుకుందామని ఉంది. ఒక్కసారి లివరు లాగితే ఒక తూటా తయారై బయటపడే ప్రెస్సు చూశాను. కొనేయనా?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దో, దాని బదులు ఏది కొనాలో చెప్పేసరికి గంట పట్టింది. ఆ మాటలనే కాస్త సర్ది రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు అమెరికాలో తక్కువేమీ లేరు. వాళ్లలో రైఫిలు కొన్నవాళ్లూ ఉన్నారు.

నేను ఇరవై నాలుగేళ్లు సైన్యంలో ఉన్నాను. అంత మాత్రాన తూటా నింపడం తెలుస్తుందనుకుంటే పొరపాటు. మాకు తూటాలు ఖడ్కీ, వరంగావ్ ఫ్యాక్టరీల నుంచి పెట్టెల్లో వచ్చేవి. కాల్చడం ఒక పని, ఆ తర్వాత రేంజిలో నడుములు వంచి ఖాళీలు ఏరడం ఇంకో పని. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖాళీలు తిరిగి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గితే ప్లాటూను మొత్తం గడ్డిలో మోకాళ్ల మీద పాకేది. ఆ ఖాళీని మేము 'ఖోకా' అనేవాళ్లం. ఇక్కడ కూడా అదే మాట వాడతాను, 'కేసు' అని రాస్తే పోలీసు కేసు గుర్తొస్తుంది. నింపడం నేర్చుకున్నది మాత్రం ఉద్యోగ విరమణ చేశాక, అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు. వాళ్ల పక్కింటి పెద్దాయన నలభై ఏళ్లుగా తన తూటాలు తానే నింపుకుంటున్నాడు. మా అబ్బాయీ నేనూ ఆయన షెడ్డులో స్టూళ్లు వేసుకుని నేర్చుకున్నాం.

ఇక్కడ కుదరదు, అక్కడ కూడా అందరికీ కుదరదు

ఇది శ్రీకాకుళంలో కూర్చుని చేసే పని కాదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి శిక్ష ఏడేళ్లకు తగ్గని జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. ఇంట్లో లైసెన్సు ఉన్న తుపాకీ ఉంది కదా అంటారు కొందరు. తుపాకీ ఉంచుకునే లైసెన్సు వేరు, తూటా తయారు చేసే లైసెన్సు వేరు. ఇక్కడి కుర్రాళ్లకు గురి మీద మోజు ఉంటే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిలు ఉంది. పది మీటర్ల దూరంలో, అర మిల్లీమీటరు చుక్క మీద గురి. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం తెచ్చిపెట్టింది ఆ పోటీయే. అందులో నింపాల్సిన మందు లేదు, ఆ మందును అంటించే ప్రైమరు లేదు, గురి ఒక్కటే ఉంది. ఒక జీవితానికి అది చాలు.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి తయారు చేస్తే కావాలి. అయితే మన పిల్లలు చాలా మంది పట్టించుకోని మెలిక ఒకటి ఉంది. హెచ్1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కానీ తూటా కానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. స్నేహితుడి షెడ్డులో సరదాగా నాలుగు తూటాలు నింపి, తర్వాత వీసా చిక్కుల్లో పడటం కంటే ముందే ఒక న్యాయవాదికి ఫీజు ఇవ్వడం చౌక. రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి, వాటినీ చూసుకోవాలి. మా మేనల్లుడికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మాట ముందుకు సాగింది.

బుడితి ఇత్తడి తెలిసినవాళ్లకు సగం పని తెలిసినట్టే

తూటాలో ఉండేవి నాలుగు: ఖోకా, దాని అడుగున ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర గుండు. కాల్చగానే మూడు ఖర్చయిపోతాయి, మిగిలేది ఖోకా. తూటా ఖరీదులో పెద్ద వాటా ఆ ఇత్తడిదే కనుక దాన్ని మళ్లీ వాడుకోవాలనే ఆలోచన పుట్టింది.

ఖోకా ఇత్తడిలో డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు తుత్తునాగం. మా సారవకోట మండలంలోని బుడితిలో కంచు, ఇత్తడి సామాను చేసేవాళ్లను చూసినవాళ్లకు ఈ లోహం గుణం వేరే చెప్పనక్కర్లేదు. సుత్తి దెబ్బలు తింటున్న కొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. గట్టిపడిందని చూడకుండా ఇంకా కొడితే చిట్లుతుంది. అందుకే మధ్యమధ్యలో కొలిమిలో పెట్టి మెత్తబరుస్తారు. ఖోకాకూ ఇదే కథ. కాల్చినప్పుడు ఉబ్బుతుంది, పాత కొలతకు తెచ్చే 'డై' అనే ఉక్కు అచ్చులో నొక్కినప్పుడు కుంచించుకుపోతుంది, అలా నాలుగైదు సార్లు అయ్యేసరికి మెడ దగ్గర బీటలు కనిపిస్తాయి. మెడను కాల్చి మెత్తబరిచే పద్ధతి ఉంది కానీ కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు. వేడి అడుగు భాగానికి పాకితే అక్కడి ఇత్తడి కూడా మెత్తబడుతుంది. పేలుడు ఒత్తిడిని తట్టుకునేది ఆ అడుగు భాగమే. బుడితి బిందెకు బీట పడితే నీళ్లు కారతాయి. ఖోకా అడుగు విచ్చుకుంటే వేడి గ్యాసు కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది.

అందుకని మొదటి పనిముట్టు కళ్లే. పలాసలో జీడిపప్పు ఏరే ఆడవాళ్లను చూడండి. గుండు పప్పు, ముక్క, మచ్చ పడ్డది వేర్వేరు పళ్లాల్లోకి పోతాయి, అనుమానం వచ్చిన పప్పు గుండు పప్పుల్లోకి ఎప్పటికీ పోదు. ఖోకాలనూ అలాగే ఏరాలి. మెడ మీద బీట ఉన్నది, అడుగుకు కాస్త పైన మెరిసే గీత చుట్టూ తిరిగినది, పక్కన సొట్ట పడి గట్టిగా మడిచినట్టు కనిపించేది, అన్నీ చెత్తలోకి. లోపలి గోడ పలచబడిందేమో తెలియడానికి ఆ పెద్దాయన పేపరు క్లిప్పును నిటారుగా సాగదీసి, కొన కాస్త వంచి, లోపల గీసి చూసేవాడు. కొన ఏదైనా పల్లంలో చిక్కుకున్నట్టు తగిలితే ఆ ఖోకాను పక్కన పెట్టేవాడు. రేంజిలో దొరికిన ఎవరివో తెలియని ఖోకాల కంటే, మనం కొత్తగా కొని మన తుపాకీలోనే కాల్చినవి మంచివి. ఎన్నిసార్లు కాల్చామో మనకు తెలుస్తుంది. సైన్యపు 7.62 ఖోకాలు చవకగా దొరుకుతాయి కానీ వాటి గోడలు మందం, లోపల చోటు తక్కువ. దాదాపు అవే కొలతలున్న .308 అనే పౌర తూటాకు కంపెనీల పట్టికలో చెప్పినంత మందే వాటిలో పోస్తే ఒత్తిడి పెరుగుతుంది. ప్రైమరు చుట్టూ నొక్కు కూడా ఉంటుంది, దాన్ని తీయడం వేరే పని. మొదటి ఏడాది వాటిని వదిలేయండి.

మూడు రకాల ప్రెస్సులు

ప్రెస్సు అంటే బల్లకు బిగించిన ఇనుప చట్రం, ఒక లివరు, పైన డై బిగించే మర. డైల మర దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే కొలత, కాబట్టి ఒక కంపెనీ డై ఇంకో కంపెనీ ప్రెస్సులో పడుతుంది. ఎంపికలో తేడా వచ్చేది ఒక్కో లివరు లాగుడుకు ఎన్ని పనులు జరుగుతాయన్న దగ్గర.

సింగిల్ స్టేజ్ ప్రెస్సులో ఒక డై, ఒక ఖోకా, ఒక పని. యాభై ఖోకాలు ఉంటే యాభైకీ సైజు చేయడం పూర్తి చేసి, డై మార్చి, తర్వాతి పనికి పోవాలి. ఆర్‌సీబీఎస్ వారి రాక్ చక్కర్, లీ వారి క్లాసిక్ కాస్ట్, రెడింగ్ వారి బిగ్ బాస్ ఈ రకానివి. నెమ్మదైన పని. శుభ్రం చేయడం, కోయడం అన్నీ కలిపి లెక్కేస్తే యాభై తూటాలకు మాకు రెండు సాయంత్రాలు పట్టేవి.

టర్రెట్ ప్రెస్సులో పైన తిరిగే పళ్లెం ఉంటుంది, దానికి నాలుగైదు డైలు బిగించి ఉంచుకోవచ్చు. ఖోకా కింద అక్కడే ఉంటుంది, పళ్లెం తిప్పుతూ ఒక్కో పని చేసుకుపోవాలి. లీ వారి క్లాసిక్ టర్రెట్‌కు నాలుగు రంధ్రాలు, రెడింగ్ టీ-7కు ఏడు. లీ వారి దానిలో పళ్లెం దానంతట అదే తిరిగేలా చేసే కడ్డీ ఒకటి ఉంటుంది, దాన్ని పైకి లాగేస్తే మామూలు సింగిల్ స్టేజ్‌లా వాడుకోవచ్చు.

ప్రోగ్రెసివ్ ప్రెస్సు మూడో రకం. డిల్లన్ 550, డిల్లన్ 750, హార్నడీ లాక్ ఎన్ లోడ్ ఏపీ. ఖోకాలు గుండ్రంగా తిరుగుతుంటాయి. ఒక లివరు లాగుడుకు ఒక ఖోకా సైజవుతుంది, పక్కదానిలో మందు పడుతుంది, ఆ పక్కదానిలో గుండు కూర్చుంటుంది, చివరిది తయారై డబ్బాలో పడుతుంది. మా మేనల్లుడు మనసు పారేసుకున్నది దీని మీదే. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఒప్పుకుంటాను.

నేను వద్దన్నది అది చెడ్డ యంత్రమని కాదు. పండుగకు నలుగురు ఆడవాళ్లు కజ్జికాయలు చేస్తున్నారనుకోండి. ఒకరు పూరీ ఒత్తుతారు, ఒకరు పూర్ణం పెడతారు, ఒకరు అంచు మడుస్తారు, ఒకరు నూనెలో వేస్తారు. ఒకరి చేయి తప్పితే పక్కవాళ్లు చూస్తారు. ప్రోగ్రెసివ్‌లో ఆ నలుగురి పనీ ఒక్కరు, ఒకే లివరుతో, ఒకే క్షణంలో చేస్తున్నారు. అంతా సాఫీగా నడిచినంతసేపు బాగుంటుంది. మధ్యలో ఒక ప్రైమరు అడ్డం పడి లివరు ఆగిందనుకోండి. వెనక్కి తీసి, సరిచేసి, మళ్లీ లాగుతారు. ఇప్పుడు రెండో గడిలో ఉన్న ఖోకాలో మందు పడిందా, పడలేదా, రెండుసార్లు పడిందా? అనుభవం ఉన్నవాడు ఆ ఖోకాలన్నీ తీసి మందు ఒలకబోసి మొదటి నుంచి మొదలుపెడతాడు. కొత్తవాడు 'పడే ఉంటుందిలే' అనుకుంటాడు.

రైఫిలు తూటాలకు ఇంకో కారణం ఉంది. పిస్తోలు ఖోకాలు చాలావరకు తిన్నటి గొట్టాలు. కార్బైడు డై అయితే నూనె రాయకుండానే నొక్కవచ్చు. రైఫిలు ఖోకాకు సీసాలా భుజం, మెడ ఉంటాయి. నొక్కే ముందు నూనె రాయాలి, నొక్కాక తుడవాలి, పొడవు కొలవాలి, పెరిగితే కోయాలి, అంచులు నున్నగా చేయాలి. ఇవన్నీ ప్రెస్సు బయట చేయాల్సిన పనులు. అంటే ప్రోగ్రెసివ్ కొన్నా రైఫిలుకు మధ్యలో ఆగక తప్పదు. వేగం కోసం డబ్బు పెట్టి, ఆ వేగాన్ని వాడుకోలేని పరిస్థితి. నెలకు యాభై, వంద తూటాలు వేటకో గురి సాధనకో వాడేవాడికి అది దండగ. వారానికి వందలకొద్దీ పిస్తోలు తూటాలు కాల్చే పోటీ ఆటగాళ్ల సరుకు అది.

ఇక సింగిల్ స్టేజా, టర్రెటా అంటే నా ఓటు సింగిల్ స్టేజ్‌కే, అదీ 'ఓ' ఆకారపు పోత ఇనుప చట్రానికే. 'సి' ఆకారంలో ముందు తెరిచి ఉన్న తేలిక చట్రాలు రైఫిలు ఖోకాలు నొక్కేటప్పుడు కాస్త విచ్చుకుంటాయి. టర్రెట్ కొంటే తప్పేమీ లేదు, కడ్డీ తీసేసి వాడతామని మాట ఇచ్చేవాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. కానీ సింగిల్ స్టేజ్‌లో ఒక సుగుణం ఉంది. యాభై ఖోకాలూ చెక్క పలకలోని రంధ్రాల్లో వరుసగా నిలబడి ఉంటాయి. మందు పోశాక, గుండు పెట్టకముందు, టార్చి వేసి యాభై మూతుల్లోకీ ఒక్కసారి చూడవచ్చు. ఒకదానిలో మట్టం ఎక్కువున్నా తక్కువున్నా పళ్ల వరుసలో ఊడిన పన్నులా కనిపిస్తుంది. ఆ ఒక్క చూపు కోసమే నేను సింగిల్ స్టేజ్ అంటాను. తర్వాత ప్రోగ్రెసివ్‌కు మారినా ఇది మూల పడదు, చిన్నచిన్న పనులకు బల్ల మీదే ఉంటుంది. ఆ పెద్దాయన దగ్గర రెండూ ఉన్నాయి. రైఫిలుకు ఆయన వాడేది పాతదే.

కంసాలి త్రాసా, బ్యాటరీ త్రాసా

మందును గ్రెయిన్లలో తూస్తారు. ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌను. అంటే ఒక గ్రెయిను సుమారు 0.065 గ్రాములు. మన కంసాలి గురిగింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ తూగుతుంది. తూటా పనికి గ్రెయినులో పదో వంతు దాకా తెలియాలి. గురిగింజను ఇరవై ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతో అంత.

దీనికి రెండు రకాల త్రాసులు. దూలం త్రాసులో ఒక పక్క గిన్నె, దూలం మీద జరిగే బరువులు, చివర ముల్లు. విద్యుత్తు అక్కర్లేదు, దాని నడక నేల ఆకర్షణ మీదే. నిదానంగా ఆగుతుంది, గాలికి ఊగుతుంది, చాలా ఓపిక కావాలి. డిజిటల్ త్రాసు క్షణంలో అంకె చూపిస్తుంది. వేడెక్కే కొద్దీ, బ్యాటరీ దిగే కొద్దీ, ఏసీ గాలి తగిలినా, పక్కన సెల్‌ఫోను ఉన్నా అంకె జరిగిపోవచ్చు. జరిగినట్టు అది చెప్పదు. మా అబ్బాయి మొదట కొన్న చవక త్రాసు గంట తర్వాత ఖాళీ గిన్నెకే బరువు చూపించింది. అప్పటిదాకా నింపిన పన్నెండు తూటాలను సుత్తి లాంటి పుల్లర్‌తో ఒక్కొక్కటిగా విప్పి మందు తీసేశాం. పనిముట్లలో ఆ పుల్లర్ కూడా ఒకటి కొనండి, అది లేకపోతే 'ఫరవాలేదులే' అనే బుద్ధి పుడుతుంది.

బ్యాటరీ త్రాసులో ఇంకో గొయ్యి ఉంది, అది ముఖ్యంగా మన కోసమే తవ్వినట్టు ఉంటుంది. బటను నొక్కితే గ్రెయిన్ల నుంచి గ్రాములకు మారుతుంది. మనం పుట్టినప్పటి నుంచి గ్రాముల్లో ఆలోచించేవాళ్లం. ఒక గ్రాము అంటే పదిహేను గ్రెయిన్ల పైమాటే. తెర మీద అంకె పక్కన ఉండే చిన్న అక్షరాలు చూడకపోతే లెక్క పదిహేను రెట్లు తప్పుతుంది. ఈ పనికి అమ్మే దూలం త్రాసు మీద మామూలుగా గ్రాముల గీతే ఉండదు.

కాబట్టి కొత్తవాళ్లకు దూలం త్రాసు, దానితో పాటు తెలిసిన బరువున్న పరీక్ష రాళ్ల పెట్టె. ప్రతి పూటా మొదలు పెట్టే ముందు రాయి పెట్టి చూడాలి, ముగించాక మళ్లీ చూడాలి. డిజిటల్ కావాలని మనసు పీకితే రెండోదిగా కొనండి. రెండూ ఒప్పుకోని రోజు పని ఆపేయండి. మందు కొలతపాత్రతో పోయడం వేగంగా ఉంటుంది. అయినా మొదటి రెండు మూడు వందల తూటాలకు ప్రతి కొలతనూ తూయమంటాను.

మందు విషయంలో

ముందే చెప్పేస్తాను, బల్ల మీద ఉండాల్సిన మందు ఒకటే. రెండో రకం 'మందు' ఆ పూట ఇంట్లోనే ముట్టకూడదు.

మన ఊళ్లలో దీపావళికి చిచ్చుబుడ్లు ఇంట్లో కూరిన చేతులు చాలానే ఉన్నాయి. సూరేకారం, గంధకం, బొగ్గు, ఇనుపరజను కంటి కొలతతో కలిపి, పుల్లతో దట్టించి, 'ఈసారి తాటిచెట్టంత లేచింది' అని మురిసినవాళ్లం. ఆ అనుభవం ఇక్కడ పనికిరాకపోగా నష్టం చేస్తుంది. చిచ్చుబుడ్డి పైన తెరిచి ఉంటుంది కనుక కొలత తప్పితే చాలాసార్లు కాసేపు తుస్సుమంటుంది. రైఫిలు తూటాలో మందు నాలుగు వైపులా మూసిన ఉక్కు గదిలో మండుతుంది. ఇప్పటి తూటాల్లో పోసే పొగరాని మందు తీరు వేరు, పాతకాలపు నల్లటి తుపాకీ మందు తీరు వేరు. ఒకదాని స్థానంలో ఇంకొకటి ఎప్పుడూ పోయకూడదు.

ఎంపికలో ఒక సూత్రం ఉంది. ఖోకాను దాదాపు నింపే మందును ఎంచుకోండి. పట్టికలో ఉన్న సరైన కొలతే ఖోకాలో భుజం దాకా వస్తే, పొరపాటున రెండోసారి పోసినప్పుడు అది పొర్లి బల్ల మీద పడుతుంది. తప్పు తనంతట తాను బయటపడుతుంది. కొద్దిగా పోస్తే చాలే అనిపించే, వేగంగా మండే మందులో ఆ రక్షణ లేదు. ఒకే ఖోకాలో రెండు కొలతలూ హాయిగా పట్టేస్తాయి. .308కు వార్గెట్, ఐఎమ్ఆర్ 4064 వంటి పుల్లల్లాంటి మందులు చాలా మంది వాడతారు. పుల్లల మందు కొలతపాత్రలో అప్పుడప్పుడు అడ్డుపడి విసిగిస్తుంది. గుండ్రటి పలుకుల మందు నీళ్లలా జారుతుంది. నేను విసుగునే ఎంచుకుంటాను.

అంకెలు చూసి మోసపోవద్దు. హెచ్ 4350, ఐఎమ్ఆర్ 4350 ఒకే ఇంటిపేరున్న ఇద్దరు మనుషుల్లాంటివి. మండే వేగం ఒకటి కాదు, ఒకదాని పట్టిక ఇంకోదానికి పనికిరాదు. డబ్బా మీద పేరు పూర్తిగా, పైకి చదివి, పట్టికలో ఉన్న పేరుతో పోల్చి, అప్పుడే మూత తీయాలి. ఒక సమయంలో బల్ల మీద ఒకే డబ్బా. పని అయ్యాక మిగిలిన మందు అదే డబ్బాలోకి. ఏ డబ్బాదో అనుమానం వస్తే పారబోయండి, కాస్త డబ్బు నష్టం కంటే ఏమీ ఉండదు.

ఎంత పోయాలన్నది నేను చెప్పను, వీడియోలో ఎవరో చెప్పినదీ వినకండి. గుండు తయారు చేసే సంస్థలూ మందు తయారు చేసే సంస్థలూ ప్రచురించే పట్టికలు ఉన్నాయి. హాడ్గ్డన్ సంస్థ తన పట్టికలను వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంచింది. కనీసం రెండు చోట్ల చూసి, అదే గుండు బరువుకు, అదే మందుకు ఇచ్చిన ప్రారంభ కొలతతో మొదలుపెట్టాలి. గరిష్ఠ కొలతతో మొదలుపెట్టేది తొందరపాటు మనిషి. రైఫిలు బోల్టు, అంటే తూటా గదిని మూసే గడియ, ఎత్తడం బరువైనా, ప్రైమరు అంచులు చదునైపోయినా, ఖోకా అడుగున మెరిసే మచ్చ పడినా ఒత్తిడి ఎక్కువైందని అర్థం. అక్కడితో ఆపి, ఆ కొలతతో నింపినవన్నీ విప్పేయాలి. ఎప్పుడైనా 'ఠప్' మని నీరసంగా పేలితే రెండో తూటా ఎక్కించకండి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. బోల్టు తీసి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూశాకే మళ్లీ పని. అసలు పేలకపోతే గురి దిశ మార్చకుండా కనీసం అర నిమిషం అలాగే ఉండాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 495 అనే అగ్నిభద్రతా ప్రమాణం ప్రకారం ఇంట్లో ఇరవై పౌన్ల దాకా మందును దాని అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు, ప్రైమర్లు పది వేలకు మించకూడదు. కొత్తవాడికి ఒక పౌను మందు, ఒక పెట్టె ప్రైమర్లు చాలు. చవకగా వస్తోందని ఉల్లిపాయల బస్తాలా కొనే సరుకు కాదు ఇది.

మిగతావి, త్వరగా

డైలలో మెడ మాత్రమే నొక్కేవి, మొత్తం ఖోకాను నొక్కేవి అని రెండు రకాలు. మొత్తం నొక్కేదే తీసుకోండి, అలా నొక్కిన ఖోకా తుపాకీలో తూటా కూర్చునే గదిలోకి ఇబ్బంది లేకుండా వెళుతుంది. భుజాన్ని మరీ వెనక్కి తోసేస్తే ఖోకా ప్రతిసారీ సాగి అడుగు దగ్గర విడిపోతుంది. కాబట్టి కాస్త డబ్బుకు చూసుకోకుండా, భుజం సరైన చోట ఉందో లేదో చూపించే ఖోకా గేజి కూడా కొనండి. నూనె రాయడం మరిచిపోతే ఖోకా డైలోనే ఇరుక్కుంటుంది. మా అబ్బాయి మొదటి సాయంత్రమే ఇరికించాడు, తీయడానికి తర్వాతి రోజు సాయంత్రం పోయింది. మరీ ఎక్కువ రాస్తే భుజం మీద సొట్ట పడుతుంది. వెర్నియర్ కాలిపర్ తప్పనిసరి. .308 ఖోకా పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు, దాటితే కోయాలి.

ప్రైమరు పెట్టడానికి ప్రెస్సు మీది పరికరం కంటే చేతి పరికరం మంచిది. ప్రైమరు అడుగుకు తగలడం బొటనవేలికి తెలుస్తుంది. ఈ పని చేస్తున్నంతసేపూ కళ్లద్దాలు ఉండాల్సిందే. ప్రైమర్లను గాజు సీసాలో కలిపి పోయడం కంటే పెద్ద పిచ్చి పని ఇంకోటి లేదు. ఒకటి పేలితే అన్నీ పేలతాయి. పెద్ద రైఫిలు ప్రైమరూ పెద్ద పిస్తోలు ప్రైమరూ వెడల్పులో ఒకటే, ఎత్తులో వేరు. పెట్టె మీద పేరు చదవాలి.

ఖోకాలు శుభ్రం చేయడానికి పొడి యంత్రమా, నీటి యంత్రమా? మొక్కజొన్న కండె పొడితో తిప్పే యంత్రం చవక, ఆరబెట్టే పని లేదు. దాని దుమ్ములో ప్రైమర్ల నుంచి వచ్చిన సీసం ఉంటుంది కాబట్టి ఆరుబయట, మూత పెట్టి తిప్పాలి. నీటిది బంగారంలా మెరిపిస్తుంది, లోపల తడి మిగిలితే మందు పాడవుతుంది. మెరుపుతో తూటాకు పని లేదు, పొడిదే కొనండి. ఏది వాడినా చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లల్ని ఎత్తుకోవద్దు, బల్ల దగ్గర ఏమీ తినవద్దు.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి

వీడియోలు చూసి నేర్చుకోవచ్చా అని మేనల్లుడు అడిగాడు. చూడవచ్చు, నేర్చుకోకూడదు. వీడియో మనం తప్పు చేస్తున్నప్పుడు 'ఆగు' అనదు. పుస్తకం కూడా అనదు కానీ, పుస్తకంలో అంకెలు సరిచూసిన సంస్థ పేరు ఉంటుంది. అమెరికాలో ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) వారు రైఫిలు, పిస్తోలు తూటాలు నింపడం మీద శిక్షణ తరగతి నడుపుతారు. దగ్గరలో ఆ తరగతి ఉంటే మొదటి ఖర్చు దానికే, ప్రెస్సుకు కాదు. తరగతి అయ్యాక, రేంజిలో నమ్మకమైన ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని ఆయన పనిముట్లతో ఒక పూట నింపి, అప్పుడు కొనుక్కోవాలి. ఇరవై ఏళ్లుగా ఏ ప్రమాదమూ జరగలేదని గొప్పలు చెప్పేవాడు కాదు, తన పాత తప్పులు మనకు వినిపించేవాడు నమ్మకమైన మనిషి. మా పెద్దాయన మొదటి రోజే ఉబ్బిన ఖోకా ఒకటి చూపించి, 'ఇది నేను మాట్లాడుతూ నింపింది' అన్నాడు. ఆ రోజు నుంచి షెడ్డులో ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. ఫోన్లు వంటింట్లో పెట్టి వెళ్లేవాళ్లం.

డబ్బు మిగులుతుందా అని కూడా అడిగాడు. మొదటి ఏడాది మిగలదు. పనిముట్ల ఖర్చు తీరాలంటే వందల తూటాలు నింపాలి. ఈలోగా తూటాకు తక్కువ పడుతోంది కదా అని రెట్టింపు కాలుస్తారు. వేటకు ఏడాదికి ఇరవై తూటాలు కాల్చేవాడైతే కొట్టులో కొన్న తూటాలే మేలు, ఈ వ్యాసం మరిచిపోవచ్చు. తన రైఫిలుకు నచ్చే తూటా తానే కనుక్కోవాలన్న తపన, సాయంత్రం రెండు గంటలు మౌనంగా కూర్చోగల ఓపిక ఉన్నవాడికి ఇది పని.

మేనల్లుడు చివరికి తరగతికి వెళ్లాడు, ఆ తర్వాత పోత ఇనుప సింగిల్ స్టేజ్ ఒకటి, దూలం త్రాసు ఒకటి కొన్నాడు. మొదటి ఇరవై తూటాలు నింపి ఫొటో పంపాడు. పలకలో ఇరవై మూతులూ పైనుంచి తీసిన ఫొటో అది, గుండ్లు పెట్టకముందు. అయిదో వరుసలో మూడోది కాస్త లోతుగా ఉందేమో చూడమన్నాను. తూచి చూస్తే కొలత సరిగ్గానే ఉందట, ఖోకా వేరే కంపెనీదట. అయినా తీసి పక్కన పెట్టాడు.

సంక్రాంతికి ఊరికి వస్తున్నాడు. ఆ ఖోకా ఒకటి తెచ్చి చూపిస్తానన్నాడు. వద్దన్నాను. రేంజికి తీసుకెళ్లే సంచిని విమానానికి అసలు తేవద్దన్నాను. ఏ జేబు మూలనో మరిచిపోయిన ఒక్క తూటా చాలు, విశాఖపట్నం విమానాశ్రయంలోనే పండుగ అయిపోవడానికి. వేరే సంచి కొనుక్కో, అది కూడా దులిపి సర్దుకో అన్నాను.